ఆ ఫొటోలో ఉన్నది నేనే

టీవీలో నేను చాలాకాలం చచ్చిపోయి ఉన్నాను. రోజూ సాయంత్రం వచ్చే ఒక సీరియల్లో కథానాయిక తండ్రిని నేను. కథ మొదలుకాకముందే పోయిన తండ్రిని. హాల్లో గోడమీద పెద్ద ఫ్రేములో నా ఫొటో, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ, అద్దం మీద కుంకుమబొట్టు, పైన చిన్న ఎర్రబల్బు. కథానాయికకు కష్టం వచ్చినప్పుడల్లా, అంటే రోజూ, నా ముందు నిలబడి ఏడుస్తుంది. కెమెరా ఒకసారి నా మీదికి వచ్చి పోతుంది. అంతే నా వేషం.

నవ్వేవాళ్లు నవ్వండి. ఆ ఫొటో కోసం నేను ఒక పూటంతా నిలబడ్డాను. "మరీ గంభీరంగా వద్దు, కొంచెం నవ్వుతున్నట్టు ఉండాలి" అన్నాడు దర్శకుడు. ప్రేమ ఉండీ చెప్పుకోవడం చేతకాని తండ్రి ఎలా నవ్వుతాడో ఆలోచించి అలా నవ్వాను. నన్నెవరూ ఆలోచించమనలేదు. అయినా ఆలోచించాను. గోడమీద ఉన్నా నేను నటుణ్ణే.

నాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. షెడ్డులో సాంచాలు నడుస్తుంటే పక్కనున్నవాడు గొంతు చించుకున్నా వినబడదు. అందుకే అక్కడి మాటలన్నీ పెదవులతో, కనుబొమ్మలతో, గడ్డంతో సాగుతాయి. దారం తెగిందనీ, ఆకలైతుందనీ, షెడ్డు ఆసామి వస్తున్నాడనీ, సాయంత్రం సినిమాకు పోదామనీ, అంతా మొహంతోనే. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఆ మూల కూర్చుని దారం కండెలు చుడుతూ ఈ మూలనున్న నన్ను కళ్లతోనే తిట్టేది. ఆ తిట్టులో ఒక్క మాట కూడా నాకు తప్పిపోయేది కాదు. నాకు నటన నేర్పింది ఆ షెడ్డే. వేరే గురువెవరూ లేరు.

మొదటిసారి పెద్ద స్టేజీ ఎక్కింది జగిత్యాలలో, ఒక నాటకపోటీలో. తాగుబోతు తండ్రి వేషం. జనం చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాత్రం మైకు అందుకుని, "మొహం బాగా పలుకుతోందయ్యా, ఆ భాషే మార్చుకోవాలి" అన్నాడు.

"మొహం, భాష ఒక్క తల్లికే పుట్టినయి సార్. ఒకదాన్ని యాడ ఇడిసిపెట్టాలె?" అన్నాను నేను అదే మైకులో.

బహుమతి ఇంకొకరికి పోయింది. పోనీ. ఆ మాట అన్నందుకు నాకు ఈరోజు వరకూ చింత లేదు.

తర్వాత హైదరాబాదు. ఇల్లు సిరిసిల్లలోనే, వేషం ఉన్నప్పుడల్లా బస్సెక్కేవాణ్ణి. సినిమాల్లో కానిస్టేబుల్ని, వాచ్‌మన్ని, కోర్టులో సాక్షిని, పెళ్లిలో పెద్దమనుషుల వెనక నిలబడే మనిషిని. "మీ కళ్లు చాలండీ, డైలాగెందుకు" అని మెచ్చుకుంటూనే ఉన్న ఒక్క మాటనూ కోసేసేవాళ్లు. ఎట్టకేలకు ఒక సినిమాలో నాకు నాలుగు మాటలు దక్కాయి. తీరా తెరమీద చూస్తే ఆ మాటలు ఎవరో వేరేవాళ్ల గొంతుతో ఉన్నాయి. సిరిసిల్ల టాకీసులో చూసి వచ్చి అవ్వ అడిగింది.

"గా నోరు నీదే గదా. గొంతెవనిదిరా?"

ఇప్పుడు మా భాషకు గిరాకీ వచ్చింది. హీరోలకు దాన్ని నేర్పడానికి మాస్టర్లు కూడా వచ్చారు. అది పుట్టుకతోనే వచ్చిన నన్ను మాత్రం కళ్లతోనే కానిచ్చేయమన్నారు. చివరికి కళ్లు కూడా ఆర్పనక్కరలేని వేషం ఇచ్చారు. అదే ఆ ఫొటో.

నా భార్యది కోరుట్ల. ఆమె తమ్ముడు దుబాయిలో పనిచేస్తాడు. ఆ సీరియల్ చూసి అక్కడినుంచి ఫోన్ చేశాడు. "బావా, గా గోడమీది ఫోటో మా బావదే అని రూంల అందరికి చెప్పిన. ఒక్కడు నమ్మలే. ఒకడైతే, మీ బావ పోయి ఎన్నేండ్లాయె అని అడిగిండు."

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు. మొదటిరోజు ఆ ఫొటోను టీవీలో చూడగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి నాకు దిష్టి తీసింది. "బతికున్న మనిషికి దండేసుడేందిరా? గసొంటి పని మనకద్దు" అంది.

"అవ్వా, ఫోటోకు ఏస్తే నాకేమైతది?"

"ఫోటో నీది గాదా మరి?"

ఆ రోజు నుంచి ఆ సమయానికి ఇంట్లో టీవీ బంద్. ఎవరైనా చుట్టాలు వచ్చి పెడితే లేచి ఇంటిపక్క షెడ్డులోకి పోయేది.

ఇంతలో సీరియల్ కథ మలుపు తిరిగింది. కథానాయిక చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్ వస్తుందన్నారు. చనిపోయే ముందు తండ్రి కూతురితో మాట్లాడే సీను. ఒక పేజీ నిండా మాటలు నా ఫోనుకు పంపారు. ఇన్నేళ్లలో నాకు అన్ని మాటలు ఎవరూ ఇవ్వలేదు. స్నానం చేస్తూ చదివాను, నడుస్తూ చదివాను, అన్నం ముందు కూర్చుని చదువుతుంటే నా భార్య కంచం తీసేసింది. ఎవరేమన్నా సరే, ఈసారి నా గొంతుతోనే చెప్తానని గట్టిగా అనుకున్నాను.

వాళ్లు రమ్మన్న రోజు సెట్టుకు పోయాను. గోడమీద నేను లేను. నా దండ లాంటి దండే వేసుకుని ఇంకో మొహం ఉంది, అందరికీ తెలిసిన మొహం. నేను మెట్లకింద గోడకు ఆనించి ఉన్నాను, దండతో సహా. మేనేజర్ పరుగున వచ్చాడు.

"ఏమీ అనుకోకండి. ఫ్లాష్‌బ్యాక్‌కి పేరున్న ఆర్టిస్టు కావాలన్నారు. మీకు చెప్పమన్నాను, మావాళ్లు మర్చిపోయినట్టున్నారు."

"మరి ఇన్ని దినాలు గోడమీద నన్ను చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"ఆడియన్స్ అవన్నీ పట్టించుకోరండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, కానీ అతని ముందు ఏడవడం నాకిష్టం లేదు. "నా ఫోటో నాకియ్యి" అన్నాను.

"అది కంపెనీదండీ."

"ఫ్రేము మీది. మొహం నాది. కావాల్నంటే ఫ్రేము ఇప్పుకో."

"తీసుకెళ్లి ఏం చేసుకుంటారు?"

"మా ఇంట్ల తగిలేస్త."

"బతికుండగానా?"

"మీరు తగిలేసిన్నాడు నేను సచ్చి ఉన్ననా?"

లైట్లవాళ్లు నవ్వారు. మేనేజర్ చేయి ఊపి తీసుకుపొమ్మన్నాడు.

దాన్ని చంకన పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. దండ తీయలేదు. ఎందుకు తీయాలి? చూడనీ అందరినీ అనుకున్నాను. కండక్టరు ఏమీ అడగకుండా ముందు సీటు ఖాళీ చేయించాడు. పక్కనున్న ముసలామె నా భుజంమీద చెయ్యేసి, "ఏం కొడుకా, మీ అన్ననా? అచ్చం నీ తీర్గనే ఉన్నడు" అంది.

"నేనే పెద్దమ్మా" అన్నాను.

ఆమె కాసేపు ఫొటోను, కాసేపు నన్ను చూసి, లేచి వెనక సీట్లోకి పోయింది. సిద్దిపేట దాటేసరికి నేను తేల్చుకున్నాను. ఇక హైదరాబాదు మొహం చూడను. షెడ్డు ఇప్పుడు మా తమ్ముడిది, అందులో ఒక సాంచా పట్టుకుంటాను, ఎవడి గడపా తొక్కను. అది పౌరుషమనే అనుకున్నాను.

ఇంటికి పోగానే అవ్వ నా మొహం చూడలేదు, ఫ్రేమును చూసింది. నా చేతిలోంచి లాక్కుని దండను పటుక్కున తెంపి అవతల పారేసింది. అద్దం మీది బొట్టును కొంగుతో తుడిచింది. మళ్లీ మళ్లీ తుడిచింది. తర్వాత అడిగింది, "ఇగ చెప్పు. ఏమైంది?"

అంతా చెప్పాను. ఇక పోననీ చెప్పాను. అవ్వ "గంతగనం ఏమున్నయిరా గా మాటలు?" అని మాత్రం అడిగి, పని ఆగిందని షెడ్డులోకి పోయి కండెల దగ్గర కూర్చుంది. నేనూ వెనకే పోయాను.

సాంచాలన్నీ నడుస్తున్నాయి. వాటి మధ్య నిలబడి ఆ పేజీ మొత్తం చెప్పాను. వాళ్లు రాసింది వాళ్ల భాషలో. నేను చెప్పింది నా భాషలో. "నేనుంటనో పోతనో. గీ ఇల్లు నీది బిడ్డా. ఎవలు పొమ్మన్నా పోకు. ఏడుపత్తే ఏడువు, నిలవడి ఏడువు. గడప మాత్రం దిగకు." నా గొంతు నాకే వినబడలేదు. కానీ పనివాళ్లంతా నావైపు తిరిగారు. చేతులు దారం మీద ఉన్నాయి, కళ్లు నా పెదవుల మీద ఉన్నాయి. ఒక పెద్దాయన భుజంమీది తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు. ఒక్క సాంచా ఆగలేదు, అయినా నేను చెప్పింది అందరికీ అందింది. అంత సంతోషం నాకు ఏ స్టేజీ మీదా కలగలేదు.

అవ్వ కండె పక్కన పెట్టింది. గడ్డం ఎత్తి, ఆ మూలనుంచి పెదవులతో అడిగింది.

"మరి నువ్వెందుకు దిగినవ్?"

తెల్లారి మొదటి బస్సుకు హైదరాబాదు పోయాను. ఆ సీరియల్ కంపెనీ ఆఫీసుకు, అదే మేనేజర్ దగ్గరికి. మాట్లాడే వేషం ఉందా అని అడిగాను. లేదన్నాడు. రేపొస్తానన్నాను. ఇప్పటికీ పోతూనే ఉన్నాను.