కుక్కర్ మొక్క

మా అక్కని మా వీధిలో ఆకుల దొంగ అంటారు. ఎదురింటి మాస్టారు పెట్టిన పేరది. ఎవరి పెరట్లో పండ్ల చెట్టు కనిపించినా ఆవిడ చెయ్యి ఊరుకోదు. లేత ఆకొకటి తెంపి, చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి బ్యాగులో వేసుకుంటుంది. మరీ మొహమాటం ఉన్న ఇళ్ళలో అయితే ఆకు తెంపదు, కాగితాలకి చిల్లులు పెట్టే పంచ్‌తో ఆకుకో చిల్లు పెట్టి ఆ ముక్క తెచ్చుకుంటుంది. ఒకసారి మాస్టారు తన నిమ్మచెట్టుకి వింత పురుగు పట్టిందని, కొలత పెట్టినట్టు గుండ్రంగా తింటోందని కంగారుపడి మందు కొట్టించారు. ఆ పురుగు మా ఇంట్లోనే అన్నం తింటోందని నేను చెప్పలేదు.

ఆవిడ ఉద్యోగం పండ్ల తోటల పరిశోధన కేంద్రంలో. ఆకులోని జన్యువులు చదివి ఆ చెట్టుకి తల్లెవరో, తండ్రెవరో, ఏ రోగాన్ని తట్టుకుంటుందో చెప్తుంది. నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. నా దగ్గరికి పొద్దున వచ్చిన మిషన్ సాయంత్రానికి టకటకా కుడుతూ వెళ్ళిపోతుంది. అక్క చేసిన పని ఫలించిందో లేదో తెలియాలంటే మాత్రం గింజ చెట్టయి కాపుకి రావాలి, దానికి ఏడెనిమిదేళ్ళు. అంత ఓపిక ఉన్న మనిషికి నేను భోజనానికి కాస్త ఆలస్యంగా వస్తే కోపం ముంచుకొస్తుంది. అదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

మా ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఆవిడకి తీరిక లేక, నాకు పిల్ల దొరక్క. అమ్మతో కలిసి ముగ్గురం ఒక్క ఇంట్లోనే ఉన్నాం. అమ్మకీ అక్కకీ ఒక్క విషయంలోనే పడేది కాదు, డబ్బాలు. అమ్మ ఏ డబ్బా పారేసేది కాదు. రంగు డబ్బా, నూనె డబ్బా, చీలిన బకెట్టు, ఏది దొరికినా మట్టి నింపి ఓ మొక్క గుచ్చేసేది. "ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా? దోమలకి హాస్టల్ పెట్టావమ్మా నువ్వు!" అని అక్క ఓ ఆదివారం అన్నీ బయట పారేయించింది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ రోజుల్లోనే బత్తాయి తోటలకి ఒక తెగులు వచ్చింది. ఆకులు పసుపెక్కుతాయి, కాయలు గోలీల్లా ఉండిపోయి చేదవుతాయి, చెట్టు కొమ్మ తర్వాత కొమ్మ ఎండిపోతుంది. దానికి మందు లేదు. అడవి నిమ్మ జాతి చెట్టు ఒకదాన్ని మాత్రం ఆ తెగులు ఏమీ చేయలేకపోవడం అక్క గమనించింది. కేంద్రంలో తెగులు సోకకుండా మిగిలిన ఒకే ఒక్క తియ్యటి బత్తాయి చెట్టు పూలకి ఆ అడవి చెట్టు పుప్పొడి కుంచెతో అద్ది, కాయలు కాయించి, గింజలు మొలకెత్తించింది. అవి మొలకెత్తేలోగా ఆ బత్తాయి చెట్టుకీ తెగులు సోకింది. దాన్ని కొట్టించి తగలబెట్టిన రోజున అక్క ఒళ్ళంతా పొగ వాసనతో ఇంటికొచ్చి, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. చెట్టుకింత ఏడుపేమిటని నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాను.

ఇక మిగిలింది ఆ మొలకలే. గాలివానకి కేంద్రంలోని అద్దాల షెడ్డు పైకప్పు ఎగిరిపోతే, అక్క ఆ కుండీలన్నీ మా మేడమీదికి చేర్చింది. అంతలో ఏదో సమావేశానికి ఊరు వెళ్ళాల్సి వచ్చింది.

"అమ్మా, నీళ్ళు పోస్తే చాలు. ఇంకేమీ చెయ్యకు."

"మొక్కల సంగతి నాకు చెప్తున్నావా? నిన్ను పెంచినదాన్నే!"

బత్తాయి గింజకి ఒక తిక్క ఉంది. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు లేస్తాయి. దిట్టంగా లేచేవి చాలావరకు తల్లికి నకళ్ళు, వాటిలో తండ్రి వాటా ఏమీ ఉండదు. ఇద్దరి పోలికా కలిసిన అసలు బిడ్డ తరచుగా ఆ పక్కన బక్కచిక్కి, వంగిపోయి, ఇవాళో రేపో అన్నట్టు ఉంటుంది. అక్కకి కావలసింది ఆ బక్కదే. కానీ ఇంట్లో మొక్కలు పెంచేవాళ్ళు ఎవరైనా ఏం చేస్తారు? బలమైనదాన్ని ఉంచి, బక్కవాటిని పీకేస్తారు. అమ్మ సరిగ్గా అదే చేసింది, మనసుపెట్టి, ఒక్క కుండీ కూడా వదలకుండా.

అక్క తిరిగొచ్చిన రోజు అమ్మ మెట్లెక్కించి మరీ చూపించింది.

"ఇరుకు బస్సులో కుక్కినట్టు కుక్కేశావు వాటిని. ఇప్పుడు చూడు, ఎలా ఊపిరి పీల్చుకుంటున్నాయో!"

అక్క ఒక్కో కుండీ దగ్గరా వంగి చూసింది. చివరి కుండీలో మొలక పీకిన గుంటని వేలితో తడిమింది.

"బాగున్నాయమ్మా," అని కిందికి దిగి బాత్‌రూంలోకి వెళ్ళింది. కుళాయి ఎంతసేపటికీ ఆగలేదు. బయటికొచ్చాక నేను వంటింట్లో నిలదీస్తే విషయం చెప్పింది.

"అయితే ఏమైంది? మళ్ళీ చెయ్యొచ్చుగా," అన్నాను.

"దేంతో చెయ్యనురా? తల్లి చెట్టు లేదు. ఈ నకళ్ళు పెరిగి, పూతకొచ్చి, మళ్ళీ గింజ కట్టి, ఆ గింజ చెట్టయ్యేసరికి నా ఉద్యోగం అయిపోతుంది. నువ్వు మాత్రం అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు."

చెప్పే అవసరం రాలేదు. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అంటే, నేను పీకేసినవేనా నీకు కావలసినవి?"

అక్క తల వంచుకుంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "రా," అంది. మేడమీద నీళ్ళ ట్యాంకుకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టని సందు ఉంది. ఎవరూ అటు వెళ్ళరు. అక్కడ వరసగా డబ్బాలు. బిస్కట్ డబ్బాలు, సొట్టపోయిన గిన్నె, అప్పుడు అక్క పారేయించిన చీలిన బకెట్టు, అన్నిటికీ చివర పిడి ఊడిన పాత ప్రెషర్ కుక్కర్. ప్రతిదాంట్లో నూలుపోగులాంటి మొలకలు.

"పారేద్దామనే పీకానే. చేతిలోకి తీసుకున్నాక ప్రాణం ఒప్పలేదు. డబ్బాలు చూస్తే నువ్వు అరుస్తావని ఇక్కడ దాచాను."

అక్క ఆ తడినేల మీదే కూలబడి అమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. "నువ్వూ నీ డబ్బాలూ," అని మాత్రం అంది, అదీ సరిగా వినిపించలేదు.

అవి దొరికాయి గానీ ఏది ఏ కుండీలోదో ఎవరికీ తెలియదు. కొన్ని చచ్చిపోయాయి కూడా. మిగిలినవాటిలో ఏది నకలో, ఏది బిడ్డో కంటికి తెలిసే దారి లేదు. అప్పుడు బయటికొచ్చింది మా దొంగగారి పంచ్. కాస్త ఆకులేశాక ఒక్కోదాన్నుంచి చిటికెడు ముక్క తీసుకెళ్ళి చదివింది. చాలావరకు నకళ్ళే. నిజమైన బిడ్డలు ఏవో కొన్ని. వాటన్నిటిలో బక్కది కుక్కర్లోది, సగం తియ్యటి తల్లి, సగం అడవి తండ్రి.

షెడ్డు బాగయ్యాక అవి కేంద్రానికి వెళ్ళాయి. వాటి కొమ్మలతో అంట్లు కట్టి, ఆ అంట్లకి తెగులు చెట్టు మొగ్గలు అంటించి చూశారు. ఒక్కొక్కటే పసుపెక్కింది. కుక్కర్‌ది మాత్రం పచ్చగా నిలబడింది. కేంద్రంలో దానికి పొడుగాటి నంబరు ఇచ్చారు, కానీ డైరెక్టరుగారు కూడా "కుక్కర్ ఎలా ఉందమ్మా?" అనే అడిగేవారట.

ఆ సంగతి విన్నరోజునే అమ్మ, "దాని కాయ తినేదాకా ఇంకో బత్తాయి ముట్టను," అని ఒట్టేసుకుంది. జ్వరంలో డాక్టరు రసం తాగమన్నా పెదాలు బిగించుకుంది. నేను తిట్టాను, బతిమాలాను, లాభం లేకపోయింది. ఏళ్ళు గడిచాయి. అమ్మకి ముందు మేడ దూరమైంది, తర్వాత వీధి, ఆ తర్వాత వంటిల్లు. కిటికీ పక్క మంచమే లోకమైంది. అక్క ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న.

"పూసిందా?"

"ఇంకా లేదమ్మా."

"మొండిఘటం. అన్నీ నీ పోలికలే."

అమ్మకి ఆ కాయ అందుతుందో లేదోనని నాకు భయంగా ఉండేది. అక్కకీ అదే భయమని నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తకుండా కూర గురించి పోట్లాడుకునేవాళ్ళం.

చివరికి కాసింది, గుప్పెడు కాయలు. పండిన మొదటి కాయని అక్క బస్సులో అంతదూరం చేతిలోనే పట్టుకుని తెచ్చింది. కత్తి తెచ్చి నేనే కోశాను. అమ్మ తొన నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. ఇద్దరం ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాం.

"తియ్యగా ఉందే," అంది అమ్మ.

అక్క ఒక తొన వేసుకుని అలాగే బిగుసుకుపోయింది. నేనూ వేసుకున్నాను. అంత చేదు నా జన్మలో తినలేదు, చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"అమ్మా! విషంలా ఉంది కదే!" అని అరిచింది అక్క.

"నీ మొహం చూస్తూ చేదని ఎలా చెప్పనే?" అని అమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. ముగ్గురం కళ్ళు తుడుచుకున్నాం.

"తండ్రి చేదమ్మా అది, వస్తుందని తెలుసు," అంది అక్క మంచం మీద కూర్చుని. "చెట్టు బతికింది, నాకది చాలు. దీన్ని మళ్ళీ తీపి చెట్టుతో, ఆ నకళ్ళలో ఒకదానితో, కలపాలి. పుట్టే పిల్లల్లో ఎవరో ఒకరికి దీని గట్టితనం, దాని తీపి రెండూ రావాలి."

"అది కాసేదెప్పుడు?"

"మళ్ళీ ఏడెనిమిదేళ్ళు. అప్పటికి నేను రిటైరైపోతాను."

"నువ్వు రిటైరవుతావు. చెట్టు అవదుగా."

తన సంగతి మాత్రం అమ్మ ఎత్తలేదు. ఆ చెట్టు కాసేనాటికి తను ఉండదని ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు. నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. చేదు వల్లేనని పైకి అన్నాను.

అమ్మ గుప్పిట విప్పింది. నోట్లోంచి తీసి శుభ్రంగా తుడిచిన గింజలున్నాయి అందులో.

"ఇవి పారెయ్యకు. ఈసారి ఏది పీకాలో, ఏది ఉంచాలో ముందే చెప్పి ఊరెళ్ళు."

"ఏదీ పీకొద్దమ్మా," అంది అక్క, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని.

మర్నాడు పొద్దున్నే, ఎప్పుడూ నా కొట్టు గుమ్మం తొక్కని అక్క, ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ ఆగింది.

"ఒరేయ్, ఖాళీ డబ్బాలేవైనా ఉంటే అడుగున చిల్లులు పెట్టి ఇంటికి పట్టుకురా. అమ్మ కిటికీలో పెట్టాలి."