ఫాదర్ ఇచ్చిన పుట

చచ్చినవాళ్ల ఫోటోలకు అద్దాలు బిగించి బతికేవాణ్ణి నేను. బలసముద్రంలో మాది పటాలు కట్టే అంగడి. పోయినవాళ్ల ముఖాలను గోడకు ఆనించి, వాటి మధ్యే మధ్యాహ్నం కునుకు తీస్తాను. ఒక్కరూ ఎప్పుడూ నన్ను పలకరించిన పాపాన పోలేదు. కాబట్టి దయ్యాలన్నా మహిమలన్నా నాకు నవ్వే. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నవ్వకుండా చెబుతున్నాను.

ఊరి పొలాల్లో సోలార్ కరెంటు ప్లాంటు వచ్చినాక మా ఊళ్లో కొత్త ఇళ్లు లేచాయి, నాకూ పని పెరిగింది. ఒకరోజు పొద్దున్నే ముసలి ఫాదర్ ఒకాయన వచ్చారు. పక్క ఊళ్లో చిన్న చర్చి చూసుకునేవారు. గుడ్డలో చుట్టిన ఒకే ఒక పుట తెచ్చారు. విదేశంలో చదువుకున్నప్పుడు వాళ్ల గురువు ఇచ్చిందట. వందల ఏళ్ల నాటిదట. మధ్యలో పెద్ద లాటిన్ అక్షరాల్లో బైబిల్ మాట, దాని చుట్టూ చీమల బారుల్లాగా వ్యాఖ్యానం. మొదటి అక్షరం కడుపులో బంగారు పూత, ఆ బంగారంలో గోరంత గొర్రెపిల్ల. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చేతులు చొక్కాకు తుడుచుకోకుండా దాన్ని ముట్టుకోలేకపోయాను.

"రేపు ఊరు వదిలి ముసలి ఫాదర్లుండే ఆశ్రమానికి పోతా ఉండానప్పా. నాకుండే ఆస్తి ఇదే. అద్దం వేసి ఇయ్యి" అన్నారు. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నన్ను నమ్మి వెళ్లిపోయారు.

పుట అంచులు చుట్టుకుపోయి ఉన్నాయి. పాత కాగితాలు సాపు చేయడంలో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు. ఎప్పటిలాగే తడిగుడ్డ కప్పి, కింద ఖాళీగా ఉన్న అంచు మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. గుడ్డ తీసి చూశాను. సెగ తగిలిన అప్పడంలా ఆ అంచంతా ముడుచుకుపోయి, పుటనే వంకర చేసేసింది. అది కాగితం కాదు, కాగితంలా పలచగా గీకిన గొర్రెతోలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తప్పెటకు తోలు లాగి కట్టినట్టుగా దాన్ని చెక్క చట్రానికి దారాలతో బిగించాను. సాయంత్రం దాకా చూశాను. ముడత పోలేదు. ఆ ముసలాయనకు ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి? దాచడమెందుకు, ఏడ్చాను. గాలి తగులుతుందని చట్రాన్ని అంగడి ముందు బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను.

అప్పుడే సోలార్ పలకల కింద మేసిన గొర్రెల కాపరి ఓబన్న మంద ఇంటికి వస్తోంది. పొదుగులు నిండిన గొర్రెలు ఇంటి దగ్గరున్న పిల్లల కోసం అరుస్తూ పరిగెత్తే వేళ అది. దేవుడు అడ్డం వచ్చినా ఆగవు. ఆ రోజు నా అంగడి ముందు ఆగాయి. అన్నీ. అరుపన్నది లేదు. ఓబన్న కట్టెతో నేలను కొట్టినా ఒక్కటీ కదల్లేదు. వీధిలో వాటి ఊపిరి మాత్రమే వినబడుతోంది. ఎవరో పెద్దవాళ్లు ఇంట్లోకి వస్తే లేస్తామే, అట్లా లేచి నిలబడ్డాను.

మందలోంచి చెవి చీలిన గొర్రె ఒకటి ముందుకొచ్చి ఆ ముడతను నాకింది. అప్పుడే పుట్టిన పిల్లను తల్లి నాకినట్టు, మెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. తోలడానికి చెయ్యెత్తాను గానీ తోలలేకపోయాను. అక్షరాల జోలికి అది పోనేలేదు. నాకడం అయ్యాక తలెత్తి ఒక్కసారి అరిచింది. మంద కదిలింది.

"ఏందప్పా ఇది! నాలుగు దినాల కింద ఈనినాది ఇది. కన్నపిల్లనే నాకలే, తన్ని తరిమేసినాది. నేనే సీసాతో పాలు తాపుతా ఉండా" అని ఓబన్న నోరెళ్లబెట్టాడు.

తెల్లారి దారాలు విప్పితే పుట సాపుగా ఉంది. ముడత ఎక్కడుండేదో నాకే తెలియలేదు. ఫాదర్ వచ్చాక ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆ అంచును చాలాసేపు వేలితో తడిమారు.

"చుట్టూ ఇంత వ్యాఖ్యానం రాసినోళ్లు ఈడ మాత్రం ఎందుకు ఖాళీ వదిలినారో అనుకుంటా ఉంటినప్పా" అన్నారు.

నా చేతి చెమట ఉప్పుకు నాకి ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఆ తడికి తోలు మెత్తబడి, దారాల బిగువుకు సాగిందని నేనూ అనుకుంటాను. కావచ్చు. ఉప్పుకు ఒక గొర్రె ఆగుతుంది, మందంతా ఆగుతుందా?

అదీ పోనీ. ఫాదర్ వెళ్లిన కాసేపటికి ఓబన్న ఖాళీ పాలసీసా పట్టుకుని వచ్చాడు. నిన్న ఇంటికి పోగానే ఆ గొర్రె నేరుగా పిల్ల దగ్గరికి పోయి, ఒళ్లంతా నాకి, పాలిచ్చిందట.

"ఇంక దీంతో పని లేదప్పా" అని సీసాను నా బల్ల మీద పెట్టి పోయాడు. దీనికి నేను ఈనాటికీ ఏ కారణమూ చెప్పుకోలేకపోయాను. సీసా ఇంకా అక్కడే ఉంది.