జూన్ ఒకటిన పుట్టినవాళ్లు

కంపెనీ ఆఫీసు వరండాలోని బెంచీకి ఆ ఉదయమే పచ్చరంగు వేశారు. పది గంటలకు కేశవులు దాని మీద కూర్చున్నాడు. పదింబావుకు లేచాడు. ప్యాంటు వెనక మూడు పచ్చటి పట్టీలు పడ్డాయని తెలిశాక, గోడకు వీపు ఆనించి నిలబడే మిగతా పనులు చక్కబెట్టుకున్నాడు.

కేశవులు శక్తినగర్ కరెంటు ప్లాంటులో టర్బైన్ ఫిట్టరు. ఒకే కాంట్రాక్టు కంపెనీలో తొమ్మిదేళ్లు. ఇంకొక్క ఏడాది పీఎఫ్ నడిస్తే పదేళ్లు నిండి, ముసలితనంలో పింఛనుకు అర్హుడవుతాడు. సరిగ్గా ఇప్పుడే కంపెనీ అతన్ని ఏడాదిన్నర జర్మనీ పంపుతానంది. అక్కడున్నన్నాళ్లూ ఇక్కడి పీఎఫ్ నడవాలంటే కవరేజ్ సర్టిఫికెట్ చేతికి రావాలి. రాకపోతే కోత అక్కడ పడుతుంది, సర్వీసు ఇక్కడ ఆగిపోతుంది.

సర్టిఫికెట్ రావాలంటే పీఎఫ్‌లోనూ పాస్‌పోర్టులోనూ పుట్టినతేదీ ఒకటే ఉండాలి. అక్కడే అడ్డం పడింది. వాళ్ల చిన్నతనంలో బడిలో చేరిన ప్రతివాణ్ణీ హెడ్మాస్టరు జూన్ ఒకటిన పుట్టించేసేవాడు. అడిగే పని లేదు, వెతికే పని లేదు. అందువల్ల కేశవులు పీఎఫ్‌లో 1985 జూన్ ఒకటిన పుట్టాడు. పాస్‌పోర్టులో మాత్రం ఆసుపత్రి రిజిస్టరు చెప్పినట్టు 1984 అక్టోబరు తొమ్మిదిన పుట్టాడు.

"పీఎఫ్‌లో తేదీ మార్పించాలండీ," అంది స్టాఫ్ సెక్షన్ రమ్యశ్రీ. "మీ బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఆలస్యంగా ఎక్కింది కదా, ఇంటి పెద్దవాళ్ల అఫిడవిట్ కావాలి. వాళ్ల ఆధార్ కూడా."

తల్లిదండ్రులు లేరు. బస్సు డిపోలో మెకానిక్ అయిన అన్న జంబన్న సగం పూట సెలవు పెట్టి, స్టాంపు పేపరు మీద సంతకం చేసి వచ్చాడు. రమ్యశ్రీ అతని ఆధార్ చూసింది. మళ్లీ చూసింది.

"అన్నయ్యగారిది 84 జూన్ ఒకటి. మీది అదే ఏడాది అక్టోబరు. మధ్యలో నాలుగు నెలలే ఉన్నాయండీ."

"అన్న నాకన్న రెండేండ్లు పెద్ద మేడం. ఆయన్ని గూడ హెడ్మాస్టరే పుట్టిచ్చిండు."

"మీ ఇద్దరికీ అమ్మ ఒకరేనా?"

"ఒక్కతే," అన్నాడు జంబన్న, కొంచెం గట్టిగానే.

"అయితే మీ తేదీ కూడా సరిచేయించుకోవాలండీ. లేకపోతే పైనుంచి తిప్పి పంపుతారు."

జంబన్న తమ్ముడి వైపు తిరిగాడు. "నాది సరిజేస్తే రెండేండ్ల నౌకరి పోతది గదరా."

కేశవులు రమ్యశ్రీ వైపు తిరిగాడు. "పోనీ మేడం, పాస్‌పోర్టునే జూన్ ఒకటికి మారుస్త. అబద్ధానికే అందరం ఒప్పుకుందాం."

"మూడు నెలలన్నా పడుతుందండీ. కంపెనీ పది రోజుల్లో మనిషిని పంపాలి."

నాలుగు వారాలుగా తిరుగుతున్న ఫైలు. ఎన్ని జిరాక్సులు, ఎన్ని ఫొటోలు. కేశవులు చెయ్యి చాపి అన్న అఫిడవిట్ వెనక్కి తీసుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నా బదులు మా తోటి ఫిట్టరు ఈరేశ్‌ను పంపుండ్రి మేడం. వాడు టౌన్ల పుట్టిండు, వానికి ఒకటే పుట్టినరోజు."

బయట బండి దగ్గర జంబన్న గొణగడం మొదలుపెట్టాడు. "సగం రోజు పాయె. అమ్మలెంతమంది అని అడిగిచ్చినవ్. పెద్దోన్నని గూడ చూడకుంట ఆఫీసుల నిలబెడ్తివి."

"నాలుగు నెలలకే ఇంత పెద్దరికమా, అన్నా," అన్నాడు కేశవులు.