కిటికీ లేని చెప్పులు

మొన్న ఆదివారం మా మేనమామ చింతమడక నుంచి ఆటోలో వచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాడు. నీళ్ల చెంబుతో ఎదురొచ్చిన నేను ఆ చెప్పుల దగ్గరే ఆగిపోయాను. దసరాకు నేను కొనిచ్చినవే, ముళ్లు గుచ్చకుండా ముందు మూసి ఉండే ప్లాస్టిక్ చెప్పులు. ఎడమ చెప్పుకు కిటికీ లేదు. కొత్త చెప్పులు చేతికి రాగానే ఎడమదానికి బొటనవేలు ఉండేచోట రూపాయి బిళ్లంత ముక్క కోసి పారేయడం ఆయన అలవాటు. దానికి కిటికీ అని పేరు పెట్టింది మా అత్త. ఏడేళ్లుగా నేను కొన్న ఏ జతనూ ఆయన వదల్లేదు.

మామ తాటిచెట్లు గీసేవాడు. తాటిగెల కొసను రోజూ ఆకంత పలుచగా గీస్తేనే కల్లు దిగుతుంది. నాలుగు రోజులు మానేస్తే గెల ఎండిపోతుంది. ముప్పై ఏళ్లు అదే పని చేసిన మనిషికి ఏ సమస్య వచ్చినా రోజుకింత గీస్తే దారికొస్తుందని నమ్మకం. అందుకే ఎడమ బొటనవేలి గోటి కింద గట్టిగా ఒక బొడిపె లేచి, గోరును పైకెత్తడం మొదలుపెట్టినప్పుడు ఆయన గీత కత్తి సానబట్టుకుని కూర్చున్నాడు. చెట్టుకు ఒరుసుకుని కాసిన ఆనెకాయ అన్నాడు. నేను దవాఖాన మాట ఎత్తితే, "చెట్టెక్కే కాలుకు ఆనె రాక, నీ లెక్క కుర్సీల కూసునే కాలుకొస్తదా బిడ్డా?" అని నా నోరు మూయించాడు. నేను బడిపంతులమ్మను, నోరు మూయించుకోవడం అలవాటు లేనిదాన్ని. అయినా ఓడిపోయి, మందుల దుకాణంలో ఆనెలకు వేసే పట్టీలు కొని పంపాను. రెండేళ్లు అలాగే పంపాను. ఒక్కనాడూ ఆ కాలు ఒళ్లో పెట్టుకుని చూసిన పాపాన పోలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి అత్తే ఆయన్ను బస్సెక్కించి నేనుండే సిద్దిపేటకు తెచ్చింది. "గెల గీసినట్టు కాలు గీస్తుండు. గాడ కల్లన్న వస్తది, గీడ నెత్తురొస్తది," అంది నాతో. నవ్వలేదు. అప్పటికి ఆయన మడమ మీద నడుస్తున్నాడు.

ఎముకల డాక్టరమ్మ వేలు నొక్కి చూసి, ఆనె ఇంత గట్టిగా ఉండదని ఎక్స్‌రే తీయించింది. ఆ ఫిలిం వెలుతురుకు పెట్టి చూపించింది. వేలి కొస ఎముక మీద నుంచి చిన్న కొమ్ము లాగా మరో ఎముక మొలిచి, గోటి కిందికి పొడుచుకొచ్చింది. మామ రెండేళ్లుగా గీసింది దాని మీది తోలును. క్యాన్సరా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. మామ ఆ సంగతే అడగలేదు. "వేలు ఉంటదా, పోతదా?" అన్నాడు. మానుకు కాలు తన్నిపెట్టినప్పుడు ఒంటి బరువంతా ఆ వేలి మీదే. అది లేకపోతే చెట్టు లేదు, చెట్టు లేకపోతే మామకు తనెవరో తెలియదు.

"వేలు ఉంటది పెద్దాయనా. ఇది చెడ్డ గడ్డ లెక్క లేదు. అయినా తీసిన ముక్కను పరీక్షకు పంపుదాం," అంది డాక్టరమ్మ. "కానీ మొదలుదాక తీయాలె. పైపైన గీస్తే మళ్ల మొలుస్తది."

మామ ఫిలింలో ఆ కొమ్ము మొదలు మీద వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "మొదలు ఇడిసిపెట్టి కొస గీసిన," అన్నాడు.

వేలికి మత్తు సూది ఇచ్చి, గోరు తీసి, కింద మొలిచిన ఎముకను చెక్కేశారు. శనగగింజంత ఉంది. మీ గీత మాత్రం సాఫుగా ఉందని డాక్టరమ్మ మెచ్చుకుంటే మామ ఆ నొప్పిలోనూ మురిసిపోయాడు. రెండు నెలలు చెట్టెక్కొద్దన్నారు. ఆ ఏటి గెలలన్నీ ఎండిపోయాయి. కట్టుకట్టిన కాలుతో చెట్ల కిందికి పోయి కూర్చుని, తలెత్తి చూసి వచ్చేవాడట. పరీక్ష రిపోర్టు కోసం ఎదురుచూసిన వారం రోజులు అత్త ఆయనతో పోట్లాడలేదు. ఆయనకు భయమేసింది అందుకేనని తర్వాత చెప్పాడు. రిపోర్టులో క్యాన్సర్ లేదని నేను చదివి వినిపించిన సాయంత్రమే అత్త మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు చెట్టెక్కాడు. కానీ మళ్లీ మొలుస్తదన్న మాట మాత్రం ఆయన చెవిలోనే ఉండిపోయింది. ఏటా ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా, "వస్తే జాగ ఉండాలె గద బిడ్డా," అంటూ కొత్త చెప్పుకు కిటికీ కోసేవాడు. మొన్న నీళ్లిస్తూ మామూలుగానే అడిగాను, కిటికీ ఏది మామా అని. ఆయన గుమ్మం వైపు తల తిప్పి చెప్పులు చూశాడు.

"యాదికే రాలే," అన్నాడు.

కత్తి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు, చాయ్ తాగాడు. పుండు రెండు నెలల్లో మానింది, గోరు ఏడాదికి వచ్చింది. భయం పోవడానికి ఏడేళ్లు పట్టింది, అది ఏ రోజు పోయిందో ఆయనకూ తెలియదు.