గుప్పిట్లో గడ్డి

మంగళవారం ఉదయం కస్తూరి ఫ్రీజర్ తెరిచి, రెండో అరలోంచి తమ్ముడి గ్లౌజు బయటికి తీసింది.

ఎండిన మొక్కలు దాచే ఆ భవనంలోకి బయటి నుంచి ఏది వచ్చినా ముందు ఫ్రీజర్లోకి వెళ్ళాల్సిందే. లేకపోతే పురుగు చేరి నూరేళ్ళ నాటి నమూనాలను తినేస్తుంది. వారం చాలు. గ్లౌజు మాత్రం మూడు నెలలుగా అక్కడే ఉంది. తోటి ఉద్యోగులు దాన్ని పక్కకు జరిపి తమ కవర్లు పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

కౌలాలంపూర్ శివార్లలోని ఆ భవనంలో గడ్డి జాతుల గది కస్తూరిది. ఎవరైనా గడ్డి పంపితే పేరు చెప్పడం ఆమె పని. పుట్టింది బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరి తోటలో. ఆమె పెద్దలు సిక్కోలు వైపు నుంచి ఓడలో వచ్చి, ఆ తోటలో లాలాంగ్ గడ్డి నరుకుతూ బతికినవాళ్ళు. ఎంత నరికినా మళ్ళీ మొలిచే గడ్డి అది.

తమ్ముడు వసంతన్ ఈపోలో ఫ్యాక్టరీ మెకానిక్. కొండలంటే పిచ్చి. పోయిన ఏడాది సముద్రం దాటి సబా వెళ్ళి కినబాలు కొండ ఎక్కాడు. గుంపుతో కలిసి పైనున్న వసతిగృహం దాకా చేరాడు. సాయంత్రం అలా తిరిగొస్తానని ఒక్కడే బయటికి నడిచాడు. అంతే. వానలో, పొగమంచులో వెతికారు. దొరకలేదు. ఎనిమిది నెలల తర్వాత, వసతిగృహానికి దిగువన వాగు ఒడ్డు పొదలో ఒక గైడుకు ఎడమచేతి తోలు గ్లౌజు కనబడింది. బొటనవేలి దగ్గర ఎర్రదారం కుట్టు ఉంది. ఆ కుట్టు వేసింది వాళ్ళమ్మ నూకమ్మ.

తోలు ఎండి గట్టిపడింది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. గుప్పిట్లో గడ్డి దుబ్బు, మట్టితో సహా.

ఇంట్లో రెండు మాటలు పుట్టాయి. కొడుకు కిందికి దిగొచ్చేశాడని, దారిలో జారి గడ్డి పట్టుకుని, లేచి ఎటో వెళ్ళిపోయాడని నూకమ్మ అంటుంది. పైనే పడిపోయాడని, గ్లౌజును వాన నీళ్ళు కిందికి మోసుకొచ్చాయని పెదనాన్న రామదాసు అంటాడు. పంతులుగారు తేల్చి చెప్పాడు: చావు నిశ్చయమైతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేయాలి. నిశ్చయం కాకపోతే పన్నెండేళ్ళు ఆగాలి.

తేల్చాల్సింది గడ్డి. వసతిగృహం చుట్టూ, దారి పక్కన, బూట్లకు అంటుకొచ్చిన పోవా అనే కలుపు గడ్డి పెరుగుతుంది. ఇంకా పైన, చెట్లు ఆగిపోయి వట్టి రాయి మొదలయ్యాక, ఆ రాతి చీలికల్లో డెషాంప్సియా అనే గడ్డి ఉంటుంది. మొదటిదైతే తమ్ముడు దారి మీద ఉన్నట్టు. రెండోదైతే రాతి అంచున ఉన్నట్టు; అక్కడ జారినవాడు బతకడు.

నూకమ్మ రోజూ ఫోన్ చేసేది.

"ఏటమ్మీ, సూసినావా?"

"ఇంకా లేదమ్మా. పనెక్కువ లా." మాట చివర ఆ మలేషియా "లా" కస్తూరికి చిన్నప్పటి అలవాటు.

"తమ్ముడి సెయ్యి తీసికెళ్ళి ఐసులో ఎట్టినావు. ఆడికి సలి ఆగదే."

ఆ మాట విన్న దగ్గర్నుంచి కస్తూరికి ఫ్రీజర్ మోటారు ఆగినప్పుడల్లా లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ఇంట్లో అన్నం గరిటె పట్టుకున్నా తన వేళ్ళు గ్లౌజు వేళ్ళలాగే ముడుచుకున్నాయేమోనని చూసుకునేది. ఫ్రీజర్ గది ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే మెట్ల వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది.

ఆ మంగళవారం మాత్రం ఇక తిరగలేదు. గ్లౌజును బల్ల మీద పెట్టి, చిన్న పటకారుతో ఒక్కో పరకా లాగింది. గుప్పిట వదల్లేదు. తోలు చినగకుండా లాగడానికి గంట పట్టింది. కంకులు నలిగిపోయి ఉన్నాయి. భూతద్దం కింద గింజల మీద మీసాలు లేవు. వరి గింజకు కొన్ని రకాల్లో ఉన్నట్టే డెషాంప్సియా గింజకూ మీసం ఉంటుంది. పోవాకు ఉండదు.

కస్తూరి కవరు మీద పెన్సిల్‌తో "పోవా" అని రాసింది. గుండె తేలికపడింది. అమ్మకు చెబుదామని ఫోన్ అందుకుంది కూడా.

ఎండిన కంకిని సబ్బు చుక్క కలిపిన వేడి నీళ్ళలో నానబెట్టి మరోసారి చూడడం ఆ పనిలో ఆనవాయితీ. ఫోన్ పక్కన పెట్టి రెండు చుక్కలు వేసింది. కంటిని మైక్రోస్కోపుకు ఆనించింది.

కింద ఏదో కదిలింది.

పురుగనుకుంది. ఫ్రీజర్లో మూడు నెలలున్న దాంట్లో పురుగు బతకదు. మళ్ళీ చూసింది. రెండు పొట్టుల మధ్య ఇరుక్కున్న వెంట్రుకంత మీసం నీళ్ళు తాగి మెలి విప్పుకుంటోంది. మెల్లగా, మోచెయ్యి చాపినట్టు, చుట్టూ తిరిగింది. ఎదురుగా ఉన్న పొట్టును నెట్టింది. ఆగింది.

కస్తూరి కుర్చీ వెనక్కి జరుపుకుని, గది తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. తడి తగిలితే ఆ మీసం తిరుగుతుందని పిల్లలకు పాఠం చెప్పిన మనిషే. అయినా కళ్ళు మళ్ళీ అద్దానికి ఆనించడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత అన్నీ వరసగా కనబడ్డాయి. మిగతా గింజల వీపు మీద, అడుగు దగ్గర, మీసం విరిగిన మచ్చ. గింజ మొదట్లో తెల్లటి నూగు. కంకికి రెండేసి పువ్వులు. దారంలా చుట్టుకున్న ఆకు. బీరువాలోంచి కినబాలు శిఖరం మీది డెషాంప్సియా నమూనా తెచ్చి పక్కన పెట్టింది. తేడా లేదు.

కవరు మీద "పోవా" అలాగే ఉంది. దాన్ని మళ్ళీ సరిచూసేవాళ్ళెవరూ లేరు. ఆ ఒక్క ముక్క చెబితే అమ్మకు పన్నెండేళ్ళు దొరుకుతాయి. పన్నెండేళ్ళూ రోజూ ఫోన్ వస్తుంది. కస్తూరి రబ్బరు తీసుకుని రాసింది చెరిపేసింది.

శనివారం బాగన్ దాతుక్ చేరేసరికి రామదాసు వాకిట్లో కాఫీ తాగుతున్నాడు.

"ఒచ్చినాదండీ మా గడ్డి డాక్టరు! నలబై ఏళ్ళు గడ్డికి మందు కొట్టిన నన్ను ఒక్కడూ డాక్టరనలేదు."

"నువ్వు సంపే డాక్టరువి లా, పెదనాన్నా," అంది కస్తూరి.

నూకమ్మ నవ్వలేదు. కూతురి మొహం చూసి చాప మీద కూర్చుంది.

"సెప్పు."

"పై గడ్డే అమ్మా. రాతి మీదది."

"దారి పక్కన ఉండదా? ఒక్క దుబ్బైనా?"

"అక్కడెవరికీ కనబళ్ళేదమ్మా."

నూకమ్మ కాసేపు తన చేతులు చూసుకుంది. "తెగిపోయినాదా, ఏళ్ళతో ఊడొచ్చినాదా?"

"వేళ్ళతో వచ్చేసింది."

"అయితే గట్టిగానే పట్టుకున్నాడు," అంది నూకమ్మ. "ఆడు వొదల్లేదు. గడ్డే వొదిలేసినాది."

రామదాసు గ్లాసు కింద పెట్టాడు.

"బావగారూ, బొమ్మ సెయ్యండి," అంది నూకమ్మ. "తల కొంచెం పెద్దగా సెయ్యండి. టోపీలు పట్టేవి కావు ఆడికి."

అక్కడి తెలుగువాళ్ళకు దర్భ అంటే లాలాంగే. ఆదివారం పొద్దున్నే రామదాసు తోట గట్టున కోసి మోపు తెచ్చాడు. పంతులుగారు మూడు వందల అరవై పరకలు లెక్క చెప్పి, తలకిన్ని, చేతులకిన్ని అని పంచాడు. రామదాసు కాళ్ళు కడుతూ గొణిగాడు: "జన్మంతా దీన్ని సంపినాను. ఇయ్యాల మా పిల్లడికి ఒళ్ళై కూకుంది."

కస్తూరి తెచ్చిచ్చిన గ్లౌజును బొమ్మతో కాల్చడానికి నూకమ్మ ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు.

నది సముద్రంలో కలిసే చోట, ఉదయం పదింటికి నిప్పు పెట్టారు. మనిషి కాలడానికి మూడు గంటలకు పైనే పడుతుంది. గడ్డి బొమ్మ ఏడు నిమిషాల్లో బూడిదైంది. పంతులుగారు లేవబోయాడు.

"కూకోండి బాబూ," అంది నూకమ్మ. "మనిసికి పట్టినంతసేపు కూకోండి."

అందరూ ఒంటిగంట దాటేదాకా కూర్చున్నారు.