నేను రైలెక్కి నాటాల్ వెళ్ళాను

మహేబూర్ వైపు ఎవరినైనా "నాటాల్ అప్పలసామి తెలుసా?" అని అడగండి. ముందు నవ్వుతారు, తరువాత తెలుసంటారు. ఆ నాటాల్ అప్పలసామిని నేనే. సముద్రం అవతల ఆఫ్రికాలో ఉన్న ఆ నాటాల్ మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు, ఇక చూడబోను కూడా. పరాయి దేశం వెళ్ళి బాగుపడదామని బయలుదేరి, నేను చేసినంత ఘోరమైన పని ఈ మారిషస్ దీవిలో మరొకరు చేసి ఉండరు. నా పరువు ఎలాగూ పోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, మీరు మొహమాటం లేకుండా నవ్వుకోండి.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళుంటాయి. మహేబూర్ దగ్గర ఒక చెరకు తోటలో పని. ఆ తోటల్ని మేము కోఠీలంటాం. మా మేనమామ వెంకటసామి ఆ కోఠీలో సిర్దార్, అంటే కూలీల మీద పెత్తందారు. ఆయన కూతురు సూరమ్మ నాకు మరదలు. ఆ పిల్ల మధ్యాహ్నం తండ్రికి అన్నం పట్టుకుని తోటకి వస్తే, నా కొడవలి చెరకుని వదిలేసి గాలిని కోసేది. ఈ సంగతి కోఠీలో అందరికీ తెలుసు. సూరమ్మకి అందరికన్నా ముందే తెలుసు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను.

"మావా, సూరమ్మని నాకిచ్చెయ్యి."

"ఇత్తే ఏటి సేత్తావురా? దాని సేతికీ ఓ కొడవలిచ్చి పక్కన నిలబెట్టుకుంటావా?"

"మరి నన్నేటి సెయ్యమంటావు?"

"నీళ్ళు దాటి ఎల్లు. మీ తాత కోరంగిలో ఓడెక్కి నీళ్ళు దాటొచ్చాడు గనక మీరీపాటి మనుసులయ్యారు. నువ్వూ దాటు. సొంతంగా ఓ తోట సేసుకుని రెండు కోతల్లోగా వచ్చి అడుగు, పిల్లనిత్తాను. రాలేదో, మరో సమ్మందం సూసేత్తాను. తరవాత ఏడిత్తే నాకు తెలీదు."

రెండు కోతలంటే రెండేళ్ళు. ఆ లోపల దేశం దాటాలి, తోట వెయ్యాలి, తిరిగి రావాలి. సరే, దాటడం ఖాయం. ఏ దేశానికి దాటాలన్నదే ప్రశ్న. ఆ సాయంత్రం బైట్కాలో, అంటే మా వాళ్ళంతా చేరి భజన చేసుకునే పాకలో, నా భవిష్యత్తు మీద సభ జరిగింది. ఆ సభలో ఒక్కరు తప్ప ఎవరూ మహేబూర్ బజారు దాటి ఎరగరు. అందుకే ప్రతివాడూ ప్రతి దేశం గురించీ గట్టిగా మాట్లాడాడు.

"పక్క దీవి బూర్బోన్ ఎల్లు. మబ్బు లేకపోతే ఇక్కడికే కనపడతాదంట."

"కనపడే దేశానికెల్తే ఎల్లినట్టేటి? మదగాస్కర్ ఎల్లనియ్యి."

"అక్కడ జొరాలు. పీజీ దీవికెల్లు."

"పీజీ ఎల్లినోడు ఒక్కడైనా తిరిగొచ్చి సెప్పాడా?"

"రాలేదంటే అక్కడ బాగున్నట్టే గదా!"

మా అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఎల్తే మన దేశమే ఎల్లు బాబూ" అంది. మన దేశంలో మన ఊరేదని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తాత ఓడెక్కిన రేవు పేరు తెలుసు, పుట్టిన ఊరి పేరు ఆయనతోనే పోయింది. వెళ్ళని దేశం మీద, చూడని ఊరి మీద కూడా మనిషికి బెంగ ఉంటుందని నాకు ఆ వేళ తెలిసింది.

అప్పుడు నోరు విప్పాడు రామన్న తాత. సభలో లోకం చూసిన ఆ ఒక్కడూ ఆయనే. కుర్రతనంలో నాటాల్ వెళ్ళి పనిచేసి వచ్చాడు.

"నాటాల్లో పీనిక్స్ అని ఓ టేసనుంది. అక్కడ దిగాలి మనిసంటే! సల్లటి గాలి. సుట్టూ సెరకు. ఒళ్ళొంచినోడికి సొంత తోట. సిర్దార్ కర్రెత్తడు."

చివరి మాటకి మా మామ దగ్గాడు. నేను మాత్రం ఆ ఊరి పేరు గుండెల్లో రాసుకున్నాను. ఫీనిక్స్! పడుకున్నా ఫీనిక్స్, లేచినా ఫీనిక్స్. సూరమ్మ కనిపిస్తే పలకరింపు కూడా మానేసి ఫీనిక్స్ గురించే చెప్పేవాణ్ణి.

"ఆ ఊరు నువ్వు సూసొచ్చినట్టే సెప్తన్నావు బావా!" అనేది.

"సూత్తాను. నీకూ సూపిత్తాను."

అలా ఉండగా కోఠీకి ఫెలిసియాన్ అనే మేస్త్రీ వచ్చాడు. మనవాడు కాదు, ఈ దీవి క్రియోల్. కూరగాయల తోటల్లో పనికి మనుషులు కావాలన్నాడు. ఎక్కడ అని అడిగాను.

"ఫీనిక్స్‌లో."

అప్పటికప్పుడే మూట కట్టుకోబోయాను. అయినా నేను తెలివైనవాణ్ణి కదా, తొందరపడలేదు. రామన్న తాత చెప్పినవన్నీ ఒకటొకటిగా సరిచూసుకున్నాను.

"అక్కడ చలేనా?"

"వీ, వీ! అవునవును! దుప్పటి లేనివాడు రావద్దు."

"చుట్టూ చెరకుంటుందా?"

"ఉండకేం!"

"స్టేషనుందా?"

"స్టేషన్ పక్కనే మా తోట."

"ఎలా వెళ్ళాలి?"

"మహేబూర్‌లో రైలెక్కాలి. పోర్ట్ లూయీ వెళ్ళే రైలే."

పోర్ట్ లూయీలో రేవుంది, రేవులో ఓడలుంటాయి, ఓడలు నాటాల్ వెళతాయి. ఇంకేం కావాలి? ఓడ సంగతి నోటిదాకా వచ్చింది, కానీ అడిగితే పల్లెటూరి బైతుననుకుంటాడని మింగేశాను. ఈ దేశంలో ఇంకో ఫీనిక్స్ ఉంటుందని నాకెలా తెలుస్తుంది? మీకు తెలుసు, పుస్తకాలు చదివినవాళ్ళు. నవ్వండి.

సాగనంపడం ఎంత ఘనంగా జరిగిందో ఏం చెప్పను! మద్దెల, తాళాలతో కోఠీ అంతా భజన చేస్తూ మహేబూర్ స్టేషన్ దాకా వచ్చింది. నాటాల్లో చింతపండు దొరకదని ఒకరు, మిరపకాయలు దొరకవని ఒకరు మూటలు కట్టి ఇచ్చారు. రామన్న తాత నా నెత్తిమీద చెయ్యి పెట్టి, ఓడలో కడుపు తిప్పితే నిమ్మకాయ వాసన చూడమన్నాడు. మా మామ, కర్రతో తప్ప మాట్లాడని మనిషి, తలపాగా చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. అమ్మ నన్ను వదల్లేదు. సూరమ్మ స్తంభం వెనకాల నిలబడి ఏడ్చింది. రైలు కదిలాక నేను కూడా ఏడ్చాను. పక్కనున్న ఫెలిసియాన్ కంగారుపడ్డాడు.

"ఇంత ఏడుపెందుకబ్బాయ్? బెంగగా ఉంటే ఆదివారం ఆదివారం వచ్చి పోవచ్చులే."

పాపం, ఓదార్చడానికి హాస్యమాడుతున్నాడనుకున్నాను.

రైలు కొండెక్కింది. చలి మొదలైంది. ఇంకా అన్నం వేళ కూడా కాలేదు, ఒక స్టేషన్లో ఎవరో "ఫీనిక్స్! ఫీనిక్స్!" అని అరిచారు. ఓడెక్కవలసినవాళ్ళని ఊరి పేరు పెట్టి పిలుస్తున్నారు కాబోలని సర్దుకు కూర్చున్నాను. ఫెలిసియాన్ నా మూట లాగి ప్లాట్‌ఫారమ్ మీద పడేశాడు.

"దిగు. వచ్చేశాం."

"ఎక్కడికి?"

"ఫీనిక్స్‌కి."

"మరి సముద్రం?"

"సముద్రమేంటి?"

నా మొహం చూసి ఏమనుకున్నాడో, మూట నా నెత్తికెత్తి ముందు నడిచాడు. స్టేషన్ బయట ఒకామె ఆకుకూరలు అమ్ముతోంది. బొట్టూ చీరకట్టూ చూసి మనవాళ్ళేనని తెలుగులో అడిగాను.

"అత్తా, ఇది నాటాలేనా?"

ఆమె నన్ను కిందినించి పైదాకా చూసింది. "నాటాలేటి నాయనా? అదిగో అటెల్తే వకోవా, ఇటెల్తే కాత్ర్ బోర్న్. ఎండలో ఏమన్నా తిరిగావా?"

ఎండేదీ? వాన మొదలైంది. ఆ వానలో, చింతపండు మూట మీద కూర్చుని, అందరి కళ్ళనీళ్ళూ అక్కరకి రాకుండా పోయాయే అని మళ్ళీ ఏడ్చాను.

తిరిగి వెళ్ళిపోవచ్చు కదా అంటారు. ఎలా వెళ్ళను? పొద్దున్న భజనతో సాగనంపించుకుని సాయంత్రం మూటతో ఇంటికి వెళితే, నీళ్ళు దాటలేనివాడికి మా మామ పిల్లనిస్తాడా? పోనీ నిజంగానే నాటాల్ వెళదామని రేవుకి వెళ్ళి అడిగాను. ఇప్పుడు నాటాల్ వాళ్ళు మనలాంటి వాళ్ళని రానివ్వడం లేదని చెప్పి వెనక్కి పొమ్మన్నారు. దాంతో ముందుకీ వెనక్కీ దారి లేక ఆ ఆకుకూరల గంగమ్మత్త ఇంటి వెనక కొట్టంలో చేరాను. పగలు ఫెలిసియాన్ తోటలో పని, తెల్లవారగట్లా సాయంత్రాలూ అదే ఇంటి వెనక కౌలుకి తీసుకున్న నేల చెక్కలో నా క్యాబేజీలు. అక్కడి వానకి అవి నా తలకాయంత ఊరేవి. నా తలకాయ లోపల కూడా దాదాపు ఆ సరుకే ఉండేదేమో.

ఇక్కడ కాసేపు నవ్వు ఆపుతాను. దూరదేశం వెళ్ళినవాడి బెంగ మీకు తెలుసు. వాడికి సముద్రం అడ్డం ఉంటుంది, సముద్రాన్ని తిట్టుకుంటాడు. నాకు అడ్డం ఏమీ లేదు. మహేబూర్ వెళ్ళే రైలు రోజూ నా తోట పక్కనించే పోయేది. చెయ్యెత్తితే డ్రైవరు చెయ్యి ఊపేవాడు. అది సాయంత్రానికి మా వాళ్ళుండే చోటికి చేరుతుంది, నేను మాత్రం చేరకూడదు. రైల్లో ఎవరైనా తెలిసిన తలపాగా కనిపిస్తే క్యాబేజీల మధ్య బోర్లా పడుకునేవాణ్ణి. పడుకుని, ఆ మనిషి నిన్న సూరమ్మని చూసి ఉంటాడు కదా అని వాడి మీద అసూయపడేవాణ్ణి. మా ఇళ్ళల్లో చదువు వచ్చినవాళ్ళు లేరు, కబురు పంపితే గుట్టు బయటపడుతుంది. రెండు కోతల కాలం, పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండి, నేను సూరమ్మ కోసం ఏడు సముద్రాల అవతలివాడిలా అలమటించాను. తోట పచ్చగా ఉంది. దానివైపు చూస్తే ఒక్కోరోజు ఒళ్ళు మండేది.

రెండో కోత ముగిసింది. గడువు అయిపోయింది. వెళ్ళి నిజం చెప్పేద్దామా, ఇంకో అబద్ధం కట్టుకుందామా అని తేల్చుకోలేకుండా ఉండగా గంగమ్మత్త వచ్చింది.

"అప్పలసామీ, నీకు సమ్మందం వచ్చింది. కింది కోఠీల్నించి ఎవరో పెద్దమనిసి పిల్లకి ఫీనిక్స్ కుర్రోడే కావాలని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నీ గురించి సెప్పాను."

"నాకొద్దత్తా. నాకు మా సూరమ్మ ఉంది."

"వద్దని నువ్వే సెప్పెయ్యి. ఇంట్లో కూకోబెట్టాను, మొకమైనా సూపించు."

కోసిన క్యాబేజీలు రెండు చేతుల్లో అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళాను. పీట మీద కాఫీ తాగుతూ మా మామ కూర్చున్నాడు.

"ఏట్రా!" అన్నాడు, కాఫీ ఒలికింది.

"మావా!"

"నాటాల్నించి ఎప్పుడొచ్చావురా?"

"ఇప్పుడే మావా. ఓడ దిగి తిన్నగా..."

ఆయన నా కాళ్ళ వంక చూశాడు. మోకాళ్ళ దాకా తోట బురద. గంగమ్మత్త అమాయకంగా అందుకుంది. "ఓడేటి? రెండు కోతల్నించీ మా కొట్టంలోనే ఉన్నాడుగా ఈ పిల్లోడు!"

మామ నా వంక చూశాడు, కిటికీలోంచి స్టేషన్ వంక చూశాడు. లెక్క తేలడానికి కొంత సమయం పట్టింది.

"అంటే... ఆవేళ తలపాగా తడిసిపోయేలాగ నేనేడిసింది... ఈ ఊరికా?"

"అవును మావా."

"నీళ్ళు దాటలేదా?"

"దాటలేదు గానీ మావా, అన్ని నీళ్ళూ ఇక్కడ నెత్తిమీదే పడ్డాయి."

కొడతాడనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. తలపాగా జారి కాఫీలో పడినా ఆపలేదు. నవ్వి నవ్వి, బయటికి వచ్చి, నా తోట ఈ చివరినించి ఆ చివరికి నడిచి చూశాడు.

"ఇదంతా నీ సేద్యమేనా?"

"నాదే."

"సరే. పిల్ల నీదే. నీ కబురు లేదు, అది మరో సమ్మందం ఒద్దంటాది. గట్టిగా అడిగితే, మన దీవిలో కూడా ఓ ఫీనిక్స్ ఉందంట నాన్నా, ఇత్తే ఆ ఊరోడికే ఇయ్యి అంది. నీ మీద బెంగతో ఆ పేరు పట్టుకుందనుకున్నాను."

అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. క్యాబేజీల గురించి చెప్పాను కదా.

పెళ్ళయింది. కోఠీ అంతా నవ్వి నవ్వి నాకు బిరుదిచ్చింది. సూరమ్మని తీసుకుని రైలెక్కాక, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"సూరమ్మా, ఇక్కడో ఫీనిక్స్ ఉందని నీకెవరు సెప్పారు?"

"ఫెలిసియాన్. నువ్వెల్లిన నెల్లోనే మనుసుల కోసం మళ్ళీ వచ్చాడు. మా బావ ఎలాగున్నాడని అడిగాను. క్యాబేజీలు బాగా పెంచుతున్నాడన్నాడు. ఈ మాట మరెవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"నెల్లోనే తెలుసా? మరి మావకి సెప్పలేదేం?"

"సెప్తే ఆ సాయంత్రమే నన్ను ఇంకోడికిచ్చేసేవోడు. నువ్వు నాటాల్లో ఉన్నన్నాళ్ళే నా మాట సాగింది."

"పోనీ నా దగ్గరికి ఒక్కసారైనా రాకపోయావా? పూట ప్రయాణం! నేనిక్కడ ఎంత ఏడిసానో తెలుసా?"

సూరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తరువాత తెలిసింది, రెండూనని.

"నాటాలంటే దూరం గదా బావా! అంత దూరం ఆడపిల్లనొక్కదాన్నీ ఎవరు పంపుతారు?"

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా నిప్పు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. సూరమ్మని అడగకుండా ఈ జన్మలో మరే దేశానికీ వెళ్ళను. వకోవా సంతకైనా సరే.