అత్తగారి పళ్ళేలు, మా కారు చక్రాలు

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం నా పరువు నాలుగు ముక్కలై చింతామణి నుంచి బాగేపల్లి దాకా రోడ్డు మీద దొర్లింది. అతిశయోక్తి కాదు. ముక్కలు స్టీలువి, గుండ్రటివి.

పాప అన్నప్రాశనకు బాగేపల్లిలో అత్తగారింటికి వెళ్ళాలి. మా పాత కారు వేగం అందుకుంటే చక్రాల దగ్గర ఒకటే హోరు. పాప లేచి ఏడుస్తుంది. ఆ హోరు ఎందుకా అని నాకు పట్టుకుంది. లైబ్రరీలో ఒక పత్రిక చెప్పింది: తిరిగే చక్రం గాలిని కవ్వంలా చిలుకుతుందట, చక్రం పైనున్న గూట్లో ఆ గాలి సుడులు తిరిగి కారును వెనక్కి లాగుతుందట. చక్రానికి నున్నటి మూత పెడితే గాలి పక్కనుంచి జారిపోతుందట.

నున్నగా, గుండ్రంగా మా ఇంట్లో ఏమున్నాయి? కాపురం పెట్టినప్పుడు అత్తగారిచ్చిన నాలుగు భోజనం పళ్ళేలు. నల్ల టేపుతో వాటిని చక్రాలకు అంటించడం మొదలుపెట్టాను.

"ఏమి చేస్తాండావే?" అన్నారు మా ఆయన.

"గాలికి దారి ఇస్తాండా."

"మా అమ్మ ఇచ్చిన అన్నం తట్టలకా టేపు?"

"రాత్రికి కడిగి పెడ్తా. అత్తకు తెలిసేదెట్ల?"

తెలియకూడదనే నా బెంగంతా. చదువుకున్న కోడలు ఇల్లు దిద్దుకోగలదా అని ఆమెకు మొదటినుంచీ అనుమానం.

బయల్దేరాం. హోరు నిజంగానే తగ్గినట్టుంది. "చూడండి, పాప నిద్రపోతాంది," అన్నాను, కారును నేనే కనిపెట్టినంత గర్వంగా. రోడ్డుకు అడ్డంగా వేసిన మొదటి హంపు ఎక్కి దిగగానే ఠంగుమంది.

"ఏందే అది?"

"గాలి," అన్నాను.

రెండో హంపు దగ్గర ఇంకో గాలి.

పాప లేచి కక్కుకుంది. బట్టలు మార్చడానికి ఆపి చూస్తే నాలుగు చక్రాలూ బోసిగా ఉన్నాయి. వెనక్కి వెళ్ళి వెతికితే ముహూర్తం దాటిపోతుంది. పోనీలే, పళ్ళేలకు నోరుండదు కదా అనుకున్నాను.

అత్తగారు గడపలోనే పాపను అందుకుని లోపలికి నడిచారు. పీట ముందు పాయసం పెట్టిన పళ్ళెం. అంచు సొట్ట. పక్కన అతుక్కున్న నల్ల టేపు ముక్క.

"దారిలో మిట్టేమరి ఊరాయప్ప ఎవరో బైకులో తెచ్చిచ్చినాడమ్మా. మీకేమయిందో అని నా గుండె నిలిచిపోయినాది. యాడ పడేసుకున్నారు?"

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి పళ్ళెం వెనకా ఆమె పేరు, ఊరు చెక్కించి ఉన్నాయి. నోరు లేదనుకున్నానే, అడ్రసే ఉంది.

పత్రిక చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే గాలిని కోసుకుంటూ ముందు చేరింది కారు కాదు, పళ్ళెం.

పాప తల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను: పేరు చెక్కిన పాత్రలతో ఈ జన్మలో శాస్త్రపరిశోధన చేయను. పేరు లేనివి దొరికితే ఆలోచిస్తాను.